మడతకు లొంగని కొలత

"ఆ బోర్డు తుడువు."

ఎవరూ కదల్లేదు. ఎనిమిది కుట్టుమిషన్లు ఒక్కసారిగా ఆగిపోయిన ఆ మేడమీది గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

"పాపాయ్, నీకే చెప్తున్నా. ముందు ఆ బోర్డు తుడువు."

గుమ్మంలో నిలబడ్డది ఈల టీచరు. బడిలో ఆటలు నేర్పే ఆవిడకి ఆ పేరు పిల్లలు పెట్టారు, పెద్దలు ఖాయం చేశారు. సెలవులిచ్చి ఒక రోజైనా కాలేదు, మెళ్ళో ఈల ఇంకా అలాగే వేలాడుతోంది. ఆ ఈల మోగితే మైదానంలో ఆరువందల మంది పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. అలాంటి మనిషి గొంతు ఇవాళ సొంత ఇంట్లో, సొంత ఆడపడుచు ముందు వణికింది.

పాపాయి చేతిలో సుద్దముక్క ఉంది. నలభై దగ్గరపడుతున్నా, మేడమీద కుట్టు క్లాసు నడుపుతూ వీధి వీధంతటికీ పంతులమ్మ అయినా, ఇంట్లో ఆవిడ పాపాయే. ఇప్పుడు మాత్రం నిజంగానే తప్పు చేసి దొరికిన చిన్నపిల్లలా నిలబడి ఉంది.

బోర్డు మీద ఆడవాళ్ళు లోపల వేసుకునే బాడీ బొమ్మ. కుడిపక్క గుండ్రంగా, టక్కులతో సహా గీసి ఉంది. ఎడమపక్క బల్లపరుపుగా ఉంది, దాని మీద ఒక జేబు. కుడి పదిన్నర, ఎడమ ఎనిమిది. ఎడమ భుజం పట్టీ వెడల్పు. జేబులో ఆవాల సంచీ.

ఆ అంకెలు ఈల టీచరు ఒంటివి.

ఎనిమిదిమంది ఆడపిల్లలూ తలలు వంచుకున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి టీచరు దగ్గర చదువుకున్నదే, పరుగుపందెంలో కప్పు తెచ్చిన పిల్ల. టీచర్ని చూడగానే అలవాటు కొద్దీ లేచి నిలబడింది. నిలబడి, ఒక్క క్షణం టీచరు ఎడమవైపు చూసి, గబుక్కున కళ్ళు దించేసుకుంది.

ఆ చూపు చాలు. మూడేళ్ళు కడుపులో పెట్టుకున్న గుట్టు వీధిన పడిందని ఈల టీచరుకి అర్థమైపోయింది.

"పొండమ్మా, ఇవాళ్టికి క్లాసు చాలు," అంది పాపాయి.

పిల్లలు సంచులు సర్దుకుని మెట్లు దిగారు. మామూలుగా అయితే ఆ మెట్ల మీద గోలే గోల. ఇవాళ చెప్పుల చప్పుడు తప్ప మరేం వినిపించలేదు.

"వదినా, కూర్చో. చెప్తాను."

"కూర్చోవడానికి రాలేదు. ఎంతమంది చేత గీయించావు?"

"గీయించడం కాదు వదినా..."

"మరి బల్లల మీద ఆ కాగితాలేంటి? ఎనిమిది. లెక్కపెట్టాను. నా ఒంటిని ఎనిమిది కాపీలు తీయించావు. బాగుంది. పరీక్షలో కూడా ఇస్తావా?"

పాపాయి డస్టరు తీసుకుని బోర్డు తుడిచింది. తుడిచినా బొమ్మ పూర్తిగా పోలేదు. గుండ్రటి పక్క చెరిగింది గానీ, బల్లపరుపు పక్క తెల్లగా కనిపిస్తూనే ఉంది.

మూడేళ్ళ క్రితం ఈల టీచరుకి ఎడమ రొమ్ము తీసేశారు. బడికి, చుట్టాలకి, చివరికి ఒకే ఇంట్లో ఉన్న అత్తగారికి కూడా గర్భసంచి ఆపరేషన్ అనే చెప్పారు. నిజం తెలిసింది ముగ్గురికే. ఆవిడకి, మొగుడికి, పాపాయికి. "ఎవ్వరికీ చెప్పకండి" అని ఆస్పత్రి మంచం మీద నుంచే అడిగితే, ఆయన ఆవిడ తల మీద చెయ్యేసి మరీ ఒట్టు పెట్టాడు.

కొన్న బాడీలేవీ ఆవిడకి పనికిరాలేదు. నాలుగడుగులు నడిస్తే బాగానే ఉండేవి, పరుగందుకుంటే ఒకపక్క మెడ దాకా ఎక్కేవి. ఆటల టీచరు పరిగెత్తకపోతే ఎలా? బొత్తాం కుట్టుకోవడం కూడా రాని మనిషి అప్పుడు మిషను ముందు కూర్చుంది. పాపాయి పక్కన కూర్చుని నేర్పింది. కొత్త గుడ్డ మచ్చ మీద రాసుకుంటుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత దుప్పట్లయితేనే మచ్చ ఊరుకుంటుంది. ఏటా సెలవులు మొదలైన మొదటి రోజున ఏడాదికి సరిపడా ఆరు బాడీలు కుట్టుకోవడం ఆవిడకి ఆనవాయితీ అయింది.

లోపల ఏం పెట్టాలన్నది పెద్ద తంటా. దూది పెడితే గాలికి తేలింది. బియ్యం పెడితే చెమటకి పులిసిన వాసన. చివరికి ఆవాలు కుదిరాయి. బరువు సరిపోయింది, ఒంటితో పాటు కదిలాయి, చప్పుడు లేదు. కానీ ఒకసారి ఆటల పోటీల నాడు జడివాన పడింది. తడిసిన సంచీని ఆరబెట్టడం మరిచి బీరువాలో పడేసింది. మూడో రోజు తీసి చూస్తే మొలకలు!

"వదినా, నీ ఒళ్ళు బంగారం గానూ, పంట పండిందే!" అంది పాపాయి.

ఇద్దరూ తలుపేసుకుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ ఏడ్చారు. ఆపరేషన్ తర్వాత ఈల టీచరు నవ్వింది అదే మొదలు.

ఆ నవ్వు పంచుకున్న మనిషే ఇవాళ సుద్దముక్క పట్టుకుంది. ఇంకెవరు చేసినా ఇంత మండేది కాదు.

"నా కాగితం ఏది?" అంది ఈల టీచరు. "పొద్దున్నించీ మిషను సొరుగు నాలుగుసార్లు తిరగేశాను. ఏది?"

పాపాయి బల్ల కింద నుంచి ఒక పాత కాగితం తీసి ఇచ్చింది. గుడ్డ మీద పెట్టి కొలత ప్రకారం కత్తిరించుకునే పేపర్ కటింగు. మూడేళ్ళలో ఎన్నిసార్లు దిద్దుకుందో, ఎన్నిచోట్ల అతుకులేసుకుందో. ఈల టీచరు దాన్ని విప్పి చూసింది. రెండు పక్కలూ ఒకేలా ఉన్నాయి.

"ఇదేంటి?"

"ఒకమ్మాయి మడతపెట్టి కత్తిరించేసింది వదినా. నేను చూసేలోపే."

కుట్టు క్లాసులో మొదటి రోజు నేర్పే పాఠమే అది. కాగితాన్ని సగానికి మడువు, సగం ఒళ్ళే గీయి, కత్తిరించి విప్పు, రెండు పక్కలూ సరిగ్గా వస్తాయి. మనిషి ఒళ్ళు రెండు పక్కలా ఒకటేనన్న నమ్మకం మీదే ఆ విద్యంతా నడుస్తుంది. ఆ పిల్ల చేతికి ఈ కాగితం దొరికింది. మడిచి చూస్తే అంచులు కలవలేదు. మేడం పొరపాటున గీశారు కాబోలనుకుని, పాపం ఎంతో మర్యాదగా, ఎక్కువున్న పక్కని తక్కువున్న పక్కకి సమానం చేసేసింది.

"రెండూ ఎనిమిదేనా ఇప్పుడు?"

"ఊఁ."

"డాక్టర్లు ఒకపక్కే తీశారు పాపాయ్. నీ క్లాసు రెండోది కూడా తీసేసింది."

పాపాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "అలా అనకు వదినా. 'ఇది తప్పు కదా మేడం' అందా పిల్ల. నాకు ఒళ్ళు జలదరించింది. తప్పేంటే, ఇలాంటి ఒళ్ళు కూడా ఉంటాయి, వాటికీ కుట్టడం మనకి రావాలి అన్నాను. అన్నాక గీసి చూపించక తప్పలేదు. నీ పేరు ఎత్తితే ఒట్టు."

"పేరెందుకు? ఆవాలు చాలవూ? వాన పడ్డరోజు నేను తడిసొస్తే ఆ పిల్లలందరూ ఇంక ఏం చూస్తారో నాకు తెలీదా? రేపు బడి తెరిచాక మైదానంలో నిలబడి ఈల ఊదాల్సింది నేను, నువ్వు కాదు."

"తప్పయిపోయింది."

"అది సరే. అసలిది నీ బల్ల మీదికి ఎలా వచ్చింది? నా సొరుక్కి తాళం ఉంది కదా."

పాపాయి వంగి బల్ల కింద పడ్డ కత్తిరింపులు ఏరడం మొదలెట్టింది.

"అడిగేది నిన్నే."

"నేనే తీశాను."

"ఎందుకు?"

"ఊరికే. చూద్దామని."

పాపాయికి అబద్ధం అచ్చిరాదు. అబద్ధమాడినప్పుడల్లా మెళ్ళో వేలాడే టేపుని వేలికి చుట్టి విప్పుతుంది. ఇప్పుడూ చుట్టింది, విప్పింది. ఈల టీచరు ఆ వేలినే చూస్తోంది.

"దుప్పటి కూడా ఊరికేనా?"

"ఏ దుప్పటి?"

"నీలం చారలది. బీరువా కింది అరలోది. అదీ లేదు."

పాపాయి నిజంగానే తెల్లబోయింది. చెయ్యి టేపు దగ్గరికి పోలేదు. "దుప్పటి సంగతి నాకు తెలీదు వదినా. నీ మీదొట్టు, నేను ముట్టుకోలేదు."

అది నిజమేనని ఈల టీచరుకి తెలిసిపోయింది. అదే ఆవిడ్ని ఇంకా భయపెట్టింది.

ఆ దుప్పటి పెద్దమంచానిది. పెళ్ళయిన కొత్తల్లో ఆలుమగలిద్దరూ వెళ్ళి కొనుక్కొచ్చింది. పదిహేనేళ్ళు పరిచీ ఉతికీ మెత్తనయింది. ఆపరేషన్ అయ్యాక, "నిద్రలో నా చెయ్యి తగులుతుందేమో" అని ఆయన ముందుగదిలో చిన్నమంచానికి మారాడు. పుండు మానింది, కుట్లూడాయి, జుట్టు మళ్ళీ వచ్చింది. ఆయన మాత్రం మళ్ళీ రాలేదు. ఆవిడా రమ్మనలేదు. ఏటా ఈ సెలవులకి ఆ దుప్పటి తీస్తుంది, కత్తెర పట్టుకుంటుంది, మళ్ళీ మడిచి లోపల పెట్టేస్తుంది. ఈసారి మాత్రం దాన్ని కోసి బాడీలు కుట్టుకోవడమా, మంచం మీద పరిచి మొగుడిని పిలవడమా, ఏదో ఒకటి తేల్చేద్దామనుకుంది. తేల్చుకుందామనుకున్న రోజునే అది మాయమైంది.

*

కింద అత్తగారు చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంది. కోడలు మెట్లు దిగుతుంటే తలెత్తకుండానే అంది.

"గొంతులు వీధి చివరిదాకా వెళ్ళుంటాయి. బోర్డు గొడవేనా?"

ఈల టీచరు ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది. "ఏ బోర్డు అత్తయ్యా?"

"నాకు వయసొచ్చింది గానీ గుడ్డితనం రాలేదమ్మాయ్. నిన్న పైకి వెళ్ళి చూసొచ్చాను. పాపాయికి బొమ్మ గీయడం బానే వచ్చు." ముసలావిడ ఒక కాయ వలిచి గింజలు గిన్నెలో వేసింది. "గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎడం చెయ్యెత్తి తల దువ్వుకోలేక గోడకానుకుని ఏడుస్తారటే? మూడేళ్ళ నాడే చూశాను నిన్ను."

"చూసి తెలుసుకున్నారా?"

"చూసి కాదులే. ముందే తెలుసు. వాడే చెప్పాడు. నీకు ఆపరేషన్ అయిన రోజున ఇంటికొచ్చి, నా ఒళ్ళో తలపెట్టి, ఇంత మగాడూ వెక్కి వెక్కి ఏడ్చాడు."

"ఆ రోజునేనా?"

"ఆ రోజునే. సాయంత్రం."

తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది ఆ పొద్దున. ఒట్టు పూర్తిగా ఒక పూట కూడా నిలవలేదన్నమాట.

"తెలిసి మూడేళ్ళూ ఎలా ఊరుకున్నారు అత్తయ్యా? 'గర్భసంచి పోతే పోయింది, ప్రాణం దక్కింది' అని ఎదురింటావిడతో నా ముందే అన్నారే!"

"మరేమనాలి? నువ్వు దాచావు. దాచుకున్నదాన్ని లాగి చూడటం నా వల్ల కాలేదు. నువ్వే చెప్తావని ఎదురుచూశాను. చెప్పలేదు." ముసలావిడ వలిచేసిన తొక్కనే మళ్ళీ వలవబోయి పడేసింది. "నాకూ ఉండదటే బాధ, కోడలికి పరాయిదాన్నయ్యానని?"

తప్పు తనదో వాళ్ళదో కూడా ఈల టీచరుకి తెలియకుండా పోయింది. ముగ్గురికే తెలుసనుకున్నది నలుగురికి తెలుసు, నలుగురనుకుంటే పన్నెండుమందికి. మూడేళ్ళుగా ఈ ఇంట్లో తానొక్కతే నాటకమాడుతున్నాననుకుంది. చూస్తే అందరూ ఆడుతున్నారు, తనకి తెలియకుండా, తన చుట్టూ.

కిటికీ దగ్గరికి వెళ్ళి కాగితం మళ్ళీ విప్పింది. అప్పుడు కనిపించింది. ఎడమ భుజం పట్టీ పక్కన, పెన్సిలుతో, చీమల బారులాంటి అక్షరాలు.

'అర అంగుళం పెంచాలి. భుజం ఒరుసుకుపోతోంది.'

పాపాయి రాత పెద్దది, సుద్దముక్కకి అలవాటుపడ్డ రాత. ఇంత సన్నగా రాసే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే, మొగుడు. బాగుచేసే వాచీలకి వేలెడు చీటీలు కట్టి, వాటి మీద వాచీ జబ్బంతా రాస్తాడు. ఆయనకి సొరుగు తాళం ఒక లెక్కా?

భుజం ఒరుసుకుపోతోందన్న సంగతి ఆవిడ ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు.

*

వాచీల షాపు నడిపే ఆయన్ని వీధంతా గడియారాలాయన అంటుంది. గురువారాలు ఆయన నాలుగు దాటితే గానీ ఇంటికి రాడు. షాపు మూసి, పెద్ద వీధిలో ఉన్న స్తంభం గడియారానికి కీ ఇచ్చి వస్తాడు. ఇవాళ మూడున్నరకే వచ్చాడు. పాపాయి ఫోను చేసి ఉంటుంది. కుడికంటి చుట్టూ భూతద్దం నొక్కిన గుర్తు ఇంకా ఎర్రగా ఉంది.

"భోంచేశావా?" అన్నాడు.

ఆవిడ కాగితం ఆయన ముందు పెట్టింది. "ఈ రాత మీదేనా?"

ఆయన చెప్పులు విప్పబోయి ఆగాడు. "నాదే."

"పాపాయి తనే తీశానంటోంది."

"నన్ను కాయడానికి అని ఉంటుంది. నేనే ఇచ్చాను. దానికేం సంబంధం లేదు."

"ఎందుకిచ్చారు?"

ఆయన కుర్చీ అంచున కూర్చుని, పాత వాచీ విప్పినట్టు ఒక్కొక్కటే బయట పెట్టాడు. "ఒకావిడ షాపుకొచ్చింది. వాచీకి పట్టీ వేయించుకోవడానికి. కొలత చూద్దాం, చెయ్యి చాపమ్మా అన్నాను. ఎడం చెయ్యి చాపలేకపోయింది. నాకర్థమైంది."

"అర్థమైతే?"

"అడిగాను."

"ఏమని?"

"ఎన్నాళ్ళయిందని."

ఈల టీచరు గోడకి ఆనుకుంది. ఆ ఒక్క ప్రశ్న, ఆ గొంతుతో, తననెవరైనా అడుగుతారేమోనని ఎన్ని రోజులు ఎదురుచూసింది!

"ఏడ్చింది," అన్నాడాయన. "ఇల్లు దాటి బయటికే రావడంలేదట. నలుగురిలోకి వెళ్ళాలంటే ప్రాణం పోతోందంది. అందుకని చెప్పాను."

"ఏం చెప్పారు?"

"మా ఆవిడ పరిగెడుతుందని చెప్పాను."

ఇంకో రోజైతే ఆ మాటకి ఆవిడ కరిగి నీరైపోయేదే. ఇవాళ కరగలేదు.

"ఎన్నిసార్లు మాట్లాడారు ఆవిడతో?"

"ఒక్కసారే. ఓ పది నిమిషాలు." ఆయన చూపు గోడ గడియారం మీదికి పోయింది.

"పది నిమిషాల్లో ఆవాల సంగతి కూడా వచ్చిందా?"

ఆయన వంగి ఇందాక ఆపేసిన చెప్పులు విప్పాడు.

"నా భుజం ఒరుసుకుంటోందని మీకెలా తెలిసింది?"

"స్నానం చేసి వస్తావు కదా, తువ్వాలు కప్పుకుని. ఎర్రగా కనిపిస్తుంది."

"కనిపిస్తే నాతో అనాలి."

"నువ్వు చూడనివ్వవు కదా."

"చూస్తానని అడిగారా? మూడేళ్ళలో ఒక్కసారి? ఒక్కసారంటే ఒక్కసారి అడిగారా?"

ముందుగదిలో ఆయన బాగుచేయడానికి తెచ్చుకున్న గడియారాలు నాలుగు రకాలుగా కొట్టుకుంటున్నాయి. చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని అత్తగారు చల్లగా వంటింట్లోకి జారుకుంది.

"అడిగితే ఏడుస్తావనుకున్నాను," అన్నాడు చివరికి.

"ఓహో! మీరు మీ అమ్మ ఒళ్ళో ఏడవచ్చు. ముక్కూ మొహం తెలియనావిడ ఏడిస్తే ఓదార్చవచ్చు. పెళ్ళాం ఏడుస్తుందంటే మాత్రం భయం! నా జబ్బు సంగతి అందరితో చెప్పుకున్నారండీ. ఎవరితో చెప్పలేదో తెలుసా? నాతో."

"తప్పే."

"తప్పే అంటే అయిపోయిందా?"

"కాలేదు." ఆయన మొహం తుడుచుకున్నాడు. "ఇంకో సంగతుంది. ఆవిడ నాలుగింటికి వస్తుంది. పాపాయి కొలతలు తీసుకుంటుందని చెప్పాను. తిన్నగా మేడమీదికే వెళ్ళిపోతుంది. నీకు ఎదురుపడదు."

"ఈ ఇంటికా? ఇవాళా?"

"సెలవుల మొదటి రోజని మర్చిపోయాను. నువ్వు బడిలో ఉంటావనుకున్నాను."

తాను లేనప్పుడని చూసి రమ్మన్నాడన్నమాట. ఈల టీచరుకి నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట వచ్చిన పాడు నవ్వు.

"ఇంకొక్కటి అడుగుతాను, నిజం చెప్పండి," అంది. "బీరువాలో మన దుప్పటి..."

తలుపు తట్టిన చప్పుడైంది.

*

ఆవిడది ఇంచుమించు ఈల టీచరు వయసే. సంచీని ఛాతీకి ఎడమవైపు అదుముకుని నిలబడి ఉంది. ఆ అదుముకోవడం ఎందుకో ఈల టీచరుకి ఎవరూ చెప్పక్కర్లేదు. తానూ ఆర్నెల్లపాటు హాజరుపట్టీని అలాగే పట్టుకు తిరిగింది.

వచ్చినావిడ చూపు మెళ్ళోని ఈల మీద పడింది. మొహం విప్పారింది. "పరిగెత్తే టీచరు మీరేనా?"

ఈల టీచరు అవునని తలూపింది. ఈవిడ మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు.

"మీ గురించి విని విని, మిమ్మల్ని ఎప్పటినుంచో ఎరిగినట్టే ఉంది. మీరు లేకపోతే నేను గడప దాటేదాన్ని కాదు, నిజంగా." ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి తడుముకుంది. "అన్నీ బాగానే కుదిరాయి గానీ, నడుస్తుంటే ఎడమపక్క కొంచెం జారుతోంది. అందుకే ఈసారి చెల్లెలి చేత మిషను మీద కుట్టిస్తానన్నారు. మొదటిది కూడా తెమ్మన్నారు, చూస్తారని."

"మొదటిదా?"

ఆవిడ ఒక చిన్న మూట విప్పి అందించింది.

నీలం చారలు.

ఈల టీచరు దాన్ని అందుకుంది. కుట్టుపని వచ్చిన చెయ్యి ఊరుకోదు. తనకి తెలియకుండానే లోపలివైపు తిప్పి చూసింది. మిషను కుట్టు కాదు. చేతికుట్టు. ఒక్క దారప్పోగు బయటికి లేదు, ఒక్క కుట్టు హెచ్చుతగ్గు లేదు. వాచీలో వెంట్రుకంత స్ప్రింగు పెట్టే చెయ్యి ఆ కుట్లు వేసింది. చారలు తెలిసిన చారలే, మెత్తదనం తెలిసిన మెత్తదనమే. పదిహేనేళ్ళు పక్కపక్కన పడుకున్న గుడ్డ.

"ఎవరు కుట్టారు?" అని అడిగింది, తెలిసి కూడా.

"ఆయనే! మీకు చెప్పలేదా? స్తంభం గడియారం మెట్ల మీద కూర్చుని, ప్రతి గురువారం కొంచెం కొంచెం. నేను ఎదురుగా కూర్చునేదాన్ని, నా బాధ వినేవారు, మీ సంగతులు చెప్పేవారు. ఆరు నెలలు పట్టింది, పాపం."

"ఆరు నెలలు," అంది ఈల టీచరు.

"ఊఁ. గుడ్డ కూడా ఆయనే తెచ్చారు. అయ్యో ఇంత మంచిది ఎందుకండీ అంటే, ఇంట్లో ఎవరూ వాడటం లేదు లెండి అన్నారు."

వెనకాల కుర్చీ కదిలింది. "నేనే చెబుదామని..." అన్నాడు గడియారాలాయన.

ఆవిడ వెనక్కి తిరగలేదు. చేతిలో ఉన్న దాని జేబు మీద బొటనవేలు పెట్టి, కింది అంచు నుంచి పైకి కొలిచి చూసింది. మూడు వేళ్ళు. తనదైతే ఒకటిన్నర.

"ఇది జారేది పట్టీ వల్ల కాదమ్మా," అంది వచ్చినావిడతో. గొంతు ఎంత మామూలుగా ఉందంటే ఆవిడకే ఆశ్చర్యం వేసింది. "జేబు బాగా పైకి కుట్టారు. మచ్చ ఎక్కడుంటుందో కుట్టినాయనకి తెలీదు. ఎప్పుడూ చూడలేదు."

వచ్చినావిడ మొహంలో రంగు మారింది. ఆయన్నీ ఈవిడనీ మార్చి మార్చి చూసింది. ఎక్కడ కాలు పెట్టిందో అప్పుడర్థమైనట్టుంది. "నేను మళ్ళీ వస్తానండీ..."

"వద్దు. వచ్చారు కదా, రండి."

ఆవిడ చెయ్యి పట్టుకుని తన పడకగదిలోకి తీసుకెళ్ళింది. పెద్దమంచం పక్కనే మిషను. మంచం మీద ఏ దుప్పటీ లేదు, ఒట్టి పరుపు. ఆవిడని ఆ పరుపు మీదే కూర్చోబెట్టి, టేపు తీసి, తలుపు వేయబోయింది.

తలుపవతల ఆయన నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా ఉన్నాడు.

"సగమే కోశాను," అన్నాడు, ఆవిడకి మాత్రమే వినిపించేటట్టు. "మిగతా సగం షాపులో ఉంది. మడిచి దాచాను."

ఈల టీచరు ఆయన మొహం వంక చూసింది. మూడేళ్ళ తర్వాత అంత దగ్గరగా, అంతసేపు చూడటం అదే.

"సగం దుప్పటి ఏ మంచానికి సరిపోతుందండీ?" అంది.

తలుపు మూసి గడియ పెట్టింది.